గోడమీది వ్రాత, తలరాత: ఆంగ్ల జాతీయముల బైబిలు మూలములు, వాటి తెలుగు చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

పదముల అర్థము తెలిసినంత మాత్రమున మాట అర్థము తెలిసినట్లు కాదు. “చెవిలో పువ్వు పెట్టాడు” అన్న వాక్యములో చెవి, పువ్వు, పెట్టుట అను మూడు మాటలూ పసివానికి కూడ తెలుసు. అయితే ఆ మూడూ కలిసి మోసగించుట అను అర్థమిస్తాయని తెలుగు వారి మధ్య పెరిగినవానికే తెలుస్తుంది. ఇట్టి మాటలను జాతీయములు, నానుడులు అంటారు. ప్రతి భాషకు ఇవి ఉన్నాయి. ఒక భాషలోని జాతీయమును మాటకు మాటగా మరియొక భాషలో పెడితే నవ్వులపాలవుతుంది, లేదా తప్పు బోధ అవుతుంది. మొదటిది నష్టము లేనిది. రెండవదే మేము ఈ వ్యాసములో చర్చింపదలచినది.

మన వేదాంత కళాశాలలలో చదువు చాల వరకు ఆంగ్ల గ్రంథముల మీద ఆధారపడి ఉన్నది. వ్యాఖ్యానములు, నిఘంటువులు, ప్రసంగ సంపుటములు ఆంగ్లములో చదివి తెలుగులో బోధించుట మన సేవకుల నిత్య కృత్యము. చోడవరము వంటి ఊరిలో ఆదివారము ప్రసంగము వినేవారిలో చెరకు తోటలో కూలికి పోయేవారు, బెల్లము వండేవారు, పాఠశాల ఉపాధ్యాయులు, ఆంగ్ల మాధ్యమములో చదివే పిల్లలు అందరూ కలిసి కూర్చుంటారు. వీరందరికీ ఒకే మాట ఒకే విధముగా వినబడదు. కనుక ఆంగ్ల జాతీయములు ఎక్కడ నుండి వచ్చాయి, వాటిలో బైబిలు నుండి వచ్చినవేవి, అవి తెలుగు బైబిలులో ఏ రూపము దాల్చాయి, వాటి వలన మన బోధకు కలిగే లాభనష్టములేవి అను ప్రశ్నలు పరిశీలింపదగినవి.

1. ఆంగ్ల భాషలోనికి బైబిలు నానుడులు వచ్చిన విధము

ఆంగ్లేయులు నిత్యము వాడే జాతీయములలో అనేకము హెబ్రీ, గ్రీకు భాషల నుండి వచ్చినవి. దీనికి ప్రధాన కారకుడు విలియం టిండేల్. ఆయన గ్రీకు మూలము నుండి క్రొత్త నిబంధనను ఆంగ్లములోనికి అనువదించి 1526లో జర్మనీలోని వర్మ్స్ పట్టణములో ముద్రింపించాడు. 1530లో పంచకాండములను హెబ్రీ నుండి అనువదించి ప్రచురించాడు. 1536లో ఆయనను గొంతు బిగించి చంపి, దేహమును కాల్చివేశారు. అయితే ఆయన మాటలు కాలిపోలేదు. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ అనువాదము టిండేల్ వాక్యములను విస్తారముగా తనలో చేర్చుకున్నది.

టిండేల్ పద్ధతి ఏమనగా, హెబ్రీ వారి పలుకుబడిని చెరిపివేసి ఆంగ్ల పలుకుబడి పెట్టక, వీలైనంత వరకు హెబ్రీ పోలికనే ఆంగ్లములో నిలబెట్టుట. మొదట ఆ మాటలు ఆంగ్లేయుల చెవికి క్రొత్తగానే ఉండి ఉండాలి. కాని ఆలయములో ప్రతి వారము వినబడుట వలన అవి వారి సొంత మాటలైపోయాయి. నేడు బైబిలు తెరవనివారు కూడ వాటిని వాడుచున్నారు.

ఈ విషయములో అతిశయోక్తి కూడ తగదు. భాషా శాస్త్రవేత్త డేవిడ్ క్రిస్టల్ 2010లో ప్రచురించిన “బిగాట్” అను గ్రంథములో, కింగ్ జేమ్స్ బైబిలులో కనబడి నేటి ఆంగ్లములో జాతీయములుగా నిలిచిన 257 పలుకుబడులను లెక్కించాడు. వాటిలో ఆ అనువాదమునకే ప్రత్యేకమైనవి 18 మాత్రమేనని, మిగిలినవి టిండేల్, జెనీవా మొదలగు ముందటి అనువాదముల నుండి వచ్చినవేనని చూపాడు. అనగా ఒక్క గ్రంథము ఒక్క దినమున భాషను మార్చలేదు. అనువాదకులు తరతరముగా ఒకరి పనిమీద ఒకరు కట్టారు. తెలుగు బైబిలు చరిత్ర కూడ ఇట్టిదే.

2. విశాఖపట్నములో ఆరంభమైన పని

తెలుగులో బైబిలు అనువాదమునకు మొదట పూనుకున్నవాడు హాలె మిషనరీ బెంజమిన్ షుల్జ్. ఆయన మద్రాసులో ఉండి 1732 నాటికి బైబిలును తెలుగులోనికి తెచ్చాడు. అయితే అది వ్రాతప్రతిగానే మిగిలిపోయింది, ముద్రణకు నోచుకోలేదు.

ముద్రణ పొందిన తెలుగు సువార్తల చరిత్ర మన విశాఖపట్నము జిల్లాలో ప్రారంభమైనది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ దే గ్రాంజెస్ 1805లో విశాఖపట్నము చేరారు. ఈస్ట్ ఇండియా కంపెనీ పాలనలో మిషనరీల రాకకు చట్టబద్ధమైన వీలు కల్పించినది 1813 నాటి చార్టర్ చట్టము. వీరు అంతకు ఎనిమిదేండ్ల ముందే ఇక్కడ నివసించి, తెలుగు నేర్చుకొని, బడి పెట్టి, అనువాదమునకు పూనుకున్నారు. బ్రాహ్మణ కుటుంబము నుండి క్రీస్తును అంగీకరించిన ఆనందరాయర్ వీరితో చేరి ఆ పనిలో సహాయపడ్డాడు. 1809లో క్రాన్, 1810లో దే గ్రాంజెస్ మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయినప్పుడు చూచుటకు వారిద్దరిలో ఒక్కరు కూడ మిగిలిలేరు. తరువాత అదే విశాఖపట్నము మిషనుకు చెందిన ఎడ్వర్డ్ ప్రిచెట్ క్రొత్త నిబంధనను పూర్తిచేయగా అది 1818లో మద్రాసులో అచ్చయినది. అటు తరువాత జాన్ హే విశాఖపట్నములోనే దీర్ఘకాలము ఉండి తెలుగు బైబిలు అనువాదములోను సవరణలోను పాటుపడ్డాడు.

ఆనందరాయర్ వంటివారి పాత్రను మనము తక్కువగా ఎంచరాదు. జాతీయము విషయములో విదేశీ పండితుడు తన నిఘంటువును మాత్రమే నమ్ముకోలేడు. “ఈ మాట మావారు ఇలా అనరు” అని చెప్పగలవాడు పక్కన ఉండాలి. అచ్చయిన పుస్తకము మీద ఆ మనిషి పేరు సాధారణముగా ఉండదు. తెలుగు బైబిలులో మన చెవికి ఇంపుగా వినబడే ప్రతి పలుకుబడి వెనుక, పేరు తెలియని తెలుగు సహాయకుడెవరో ఉన్నాడని మా అభిప్రాయము.

ఈ కాలములోనే తెలుగు నానుడులను ఆంగ్లములో వివరించు పని కూడ జరిగినది. సి.పి. బ్రౌన్ తన తెలుగు–ఆంగ్ల నిఘంటువును 1852లో వెలువరించాడు. కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ తెలుగు సామెతలను సేకరించి, ఆంగ్ల అనువాదముతో “ఆంధ్ర లోకోక్తి చంద్రిక” అను పేర 1868లో మద్రాసులో ప్రచురించాడు. ఒక భాష నానుడిని మరియొక భాష నానుడితో సరిచూచుట ఎంత కష్టమో, ఎంత అవసరమో ఆనాటివారు గ్రహించారు.

3. తెలుగు అనువాదకులు నడచిన మూడు దారులు

మన వాడుకలోనున్న పరిశుద్ధ గ్రంథమును పరిశీలిస్తే మూల భాషలలోని జాతీయములను మూడు విధములుగా తెలుగు చేసినట్లు కనబడుతుంది.

మొదటిది, మూలములోని పోలిక తెలుగులో ముందే ఉన్న సందర్భము. ద్వితీయోపదేశకాండము 32:10లో దేవుడు ఇశ్రాయేలును కాపాడిన విధమును చెప్పుచు ఆంగ్ల బైబిలు “యాపిల్ ఆఫ్ హిజ్ ఐ” అంటుంది. నేటి ఆంగ్లములో దీనికి మిక్కిలి ప్రియమైనవాడు అని అర్థము. కంటిలోని నల్లగుడ్డు గుండ్రని పండువలె ఉంటుందని ఆంగ్లేయులు దానిని యాపిల్ అన్నారు. హెబ్రీలో ఉన్నది పండు కాదు. అక్కడి “ఈషోన్” అను మాటకు చిన్న మనిషి అని అర్థము చెప్పుతారు. ఎదుటివాని కంటిలోనికి చూస్తే మన రూపమే చిన్నగా కనబడుతుంది గదా! తెలుగు అనువాదము ఇక్కడ “కనుపాప” అన్నది. పాప అనగా బిడ్డ. అనగా హెబ్రీవారు కంటిలో చూచిన చిన్న మనిషిని తెలుగువారు కూడ ఏనాడో చూచారు. ఈ ఒక్క చోట ఆంగ్ల బైబిలు కంటె తెలుగు బైబిలే మూలమునకు దగ్గరగా ఉన్నదని నిస్సందేహముగా చెప్పవచ్చును. ఆంగ్ల వ్యాఖ్యానము చదివి “దేవునికి మనము యాపిల్ పండు వంటివారము” అని బోధించువారు చేతిలోని ధనమును విడిచి అప్పునకు పోవుచున్నారు. “నడుము కట్టుకొనుట” కూడ ఇట్టిదే. పని మొదలుపెట్టబోయే కూలివాడు పైపంచె నడుముకు బిగించుట మనకు తెలియనిది కాదు. కనుక 1 పేతురు 1:13 మనకు వెంటనే అర్థమవుతుంది.

రెండవది, పోలిక క్రొత్తదైనను దానినే నిలుపుట. అపొస్తలుల కార్యములు 26:14లోని “మునికోలలకు ఎదురు తన్నుట” ఇట్టిది. ఆంగ్లములో “కిక్ అగెయిన్‌స్ట్ ది ప్రిక్స్” అనగా తనకే గాయమయ్యే వ్యర్థమైన ఎదిరింపు. మునికోల అనగా దుక్కిటెద్దును అదలించుటకు రైతు పట్టుకొనే ముల్లుగఱ్ఱ. పాత తరము రైతులకు వివరణ అక్కరలేదు. ట్రాక్టరు వచ్చిన తరువాత పుట్టిన యౌవనులకు మాత్రము మునికోల ఏమిటో చూపి చెప్పవలసి ఉన్నది. మాట మారలేదు, లోకము మారినది.

మూడవది, పోలికను విడిచి భావమును చెప్పుట. “ఎలెవెంత్ అవర్” అను జాతీయము ఆంగ్ల పత్రికలలో తరచుగా కనబడుతుంది. గడువు తీరిపోయే చివరి ఘడియ అని దాని అర్థము. ఇది మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట కూలివారి ఉపమానము నుండి వచ్చినది. యూదులు పగటిని సూర్యోదయము నుండి లెక్కించి పండ్రెండు గంటలు చేస్తారు. పదకొండవ గంట అనగా ఇంక ఒక గంట మాత్రమే పొద్దు ఉన్నదన్నమాట. తెలుగు అనువాదము దీనిని మన గడియారము చొప్పున అయిదు గంటలు చేసినది. భావము సరిగా అందినది కాని ఆంగ్లేయులకు దక్కిన జాతీయము మనకు దక్కలేదు. అందుచేత ఆంగ్ల ప్రసంగములోని “ఎలెవెంత్ అవర్”ను “పదకొండు గంటలు” అని తర్జుమా చేస్తే, పదకొండు గంటలకు ఆరాధన ముగియలేదేమి అని సంఘస్థులు గడియారము చూచుకొనే ప్రమాదమున్నది.

4. పోలిక కలిసి భావము తప్పు సందర్భములు

మాట దొరకనప్పుడు మనము జాగ్రత్తపడతాము. మాట దొరికినట్లు కనబడినప్పుడే మోసపోతాము. ఈ క్రింది ఉదాహరణములు ఆ కోవకు చెందినవి.

(అ) తలమీద నిప్పులు. సామెతలు 25:22ను పౌలు రోమా 12:20లో ఎత్తి చూపాడు. ఆకలిగొన్న శత్రువునకు అన్నము పెట్టుట వలన అతని తలమీద నిప్పులు కుప్పగా పోసినట్లగునని దాని భావము. ఆంగ్లములో ఈ జాతీయమునకు, కీడునకు ప్రతిగా మేలు చేసి ఎదుటివాడు సిగ్గుపడి మారునట్లు చేయుట అని అర్థము. తెలుగులో “నా నెత్తిన నిప్పులు పోశాడు” అంటే నన్ను నాశనము చేశాడని అర్థము. కనుక తెలుగు విశ్వాసి ఈ వచనమును విన్నప్పుడు, అన్నము పెట్టి పగ తీర్చుకొనుటకు ఇది ఒక ఉపాయమని తలంచే అవకాశమున్నది. తరువాతి వచనము మేలు చేత కీడును జయించుమని చెప్పుచున్నది. ఆ వచనమును కలిపి చదవక ఈ వచనమును ఒంటరిగా బోధించరాదు.

(ఆ) బొక్కెనలోని చుక్క. యెషయా 40:15లో జనములు చేదనుండి జారు బిందువులవంటివి. “డ్రాప్ ఇన్ ది బకెట్” అను ఆంగ్ల జాతీయము అవసరమునకు ఏ మూలకూ చాలని సహాయమును సూచిస్తుంది. మనవారు దీనినే “సముద్రంలో కాకిరెట్ట” అంటారు. కాని ప్రవక్త చెప్పినది సహాయము చాలదని కాదు. లోకమును గడగడలాడించిన సామ్రాజ్యములు దేవుని యెదుట నూతి చేద అంచున జారే ఒక్క చుక్క అని ఆయన భావము. బబులోను చెరలోని ప్రజలకు అది ఎంత ఆదరణ!

(ఇ) రెండవ మైలు. “గో ది ఎక్స్‌ట్రా మైల్” అను మాట నేడు కంపెనీలలో, శిక్షణ తరగతులలో వినబడుతుంది. చెప్పిన పని కంటె కొంత ఎక్కువ చేయుమని దాని అర్థము. మత్తయి 5:41లో ఉన్నది ఉద్యోగి శ్రద్ధ కాదు, వెట్టి. అక్కడి గ్రీకు క్రియ పారసీకుల రాజ తపాలా ఏర్పాటు నుండి వచ్చినదని చెప్పుతారు. అధికారి దారిన పోయేవానిని పట్టుకొని బలవంతముగా పని చేయించుట దాని అర్థము. కురేనీయుడైన సీమోను చేత సిలువ మోయించినప్పుడు మత్తయి వాడినది కూడ అదే క్రియ (27:32).

ఈ సంగతి మన ప్రాంతము వారికి దూరమైనది కాదు. మనకు ఎగువనున్న గూడెము మన్యములో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు గిరిజనులను బలవంతముగా దించి సరియైన కూలి ఇవ్వలేదన్నది 1922–24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటమునకు ముఖ్య కారణములలో ఒకటి. వెట్టి మోసిన వారి మనుమలకు “ఇంకొక మైలు నడువుము” అని చెప్పుటకు ముందు, ఆ మొదటి మైలు అన్యాయమైనదని ఒప్పుకొనవలెను. యేసు ఆ అన్యాయమును మెచ్చుకొనలేదు. బలవంతము క్రింద మొదటి మైలు నడచినవాడు, రెండవ మైలును తన ఇష్టముతో నడచి, తాను బానిసను కానని చూపగలడు. ఈ నేపథ్యము లేకుండ బోధిస్తే ఈ వచనము యజమానుల చేతిలో కఱ్ఱ అవుతుంది.

(ఈ) విడిచిపెట్టబడిన మేక. “స్కేప్‌గోట్” అను మాటను టిండేల్ 1530లో లేవీయకాండము 16వ అధ్యాయము కొరకు కల్పించాడు. హెబ్రీలోని “అజాజేల్” అను మాటను తప్పించుకొని పోవు మేక అని ఆయన అర్థము చేసుకున్నాడు. నేడు ఆంగ్లములో, ఇతరుల తప్పునకు నిందమోయు నిరపరాధిని స్కేప్‌గోట్ అంటారు. తెలుగు పత్రికలు దీనిని “బలిపశువు” అని వ్రాస్తాయి. వార్తకు ఆ మాట చాలును. వేదాంతమునకు చాలదు. ప్రాయశ్చిత్త దినమున మేకలు రెండు. ఒకటి వధింపబడుతుంది. రెండవది, ప్రజల దోషములు తలమీద ఒప్పుకొనబడిన తరువాత, ప్రాణముతో అరణ్యమునకు పంపబడుతుంది. మొదటిది రక్తము చేత ప్రాయశ్చిత్తము, రెండవది పాపము కనబడకుండ కొనిపోబడుట. బలిపశువు అన్న ఒక్క మాటతో రెండు మేకలను ఒక్కటి చేస్తే క్షమాపణలోని రెండవ సగము పోతుంది. తమ పాపము క్షమింపబడినదని నమ్మియు, అది ఇంకను ఇంటి ముంగిటనే ఉన్నదని భయపడే విశ్వాసులు మన సంఘములలో కొదువ లేదు. వారికి కావలసినది ఆ రెండవ మేకను గూర్చిన బోధ.

ఈ మాటకు సామాజికమైన కోణము కూడ ఉన్నది. ఫ్రెంచి పండితుడు రెనే జిరార్ 1982లో ప్రచురించిన గ్రంథములో, సమాజములు తమ కలహమును, భయమును ఒక మనిషిమీద మోపి అతనిని వెళ్లగొట్టి శాంతి పొందుతాయని, సువార్తలు ఆ మనిషి నిర్దోషి అని చాటి ఈ రహస్యమును బయటపెట్టాయని వాదించాడు. ఉత్తరాంధ్ర పల్లెలలో చిల్లంగి పెట్టినదని ఒక ముసలమ్మమీద నింద వేసి ఊరు వెలివేయుట వంటి సంగతులు మన సేవకులు ఎరుగనివి కావు. ఒక బిడ్డకు జ్వరము తగ్గదు, ఒక ఆవు చచ్చిపోతుంది, ఎవరో ఒకరి మీద వ్రేలు చూపాలి. క్రీస్తు మన నిందను భరించాడని నమ్మే సంఘము మరియొకరి మీద నింద మోపు గుంపులో చేరరాదు.

(ఉ) పుల్లని ద్రాక్షలు. ఆంగ్లములో “సోర్ గ్రేప్స్” అనగా అందని దానిని నిందించుట. ఇది ఈసపు కథలోని నక్క నుండి వచ్చినది. “అందని ద్రాక్షలు పుల్లన” అని మనమంటాము. యిర్మీయా 31:29, యెహెజ్కేలు 18:2లలోని ద్రాక్షకాయలు వేరు. తండ్రులు తినగా పిల్లల పళ్లు పులిశాయన్నది ఇశ్రాయేలీయుల సామెత. పితరుల పాపమునకు మేము శిక్ష పడుచున్నామని వారి సణుగుడు. ఇక గమనింపదగినదేమనగా, దేవుడు ప్రవక్త ద్వారా ఆ సామెతను ఇక పలుకకూడదని నిషేధించాడు. లోకములో వాడుకలో ఉన్న నానుడి సత్యము కానక్కరలేదని లేఖనమే సాక్ష్యమిచ్చు అపురూపమైన సందర్భమిది. అయినను బిడ్డ అంగవైకల్యముతో పుట్టినప్పుడు “తల్లిదండ్రుల పాపము” అని తేల్చివేసే బోధ మన మధ్య ఇంకను వినబడుచున్నది. యోహాను 9:3లో యేసు ఆ ఆలోచనను త్రోసివేశాడు. దేవుడు నిషేధించిన సామెతను సేవకుడు తిరిగి పలుకుట న్యాయమా?

(ఊ) గోడమీది వ్రాత. “రైటింగ్ ఆన్ ది వాల్” అనగా రాబోవు నాశనమునకు స్పష్టమైన సూచన. దానియేలు 5వ అధ్యాయములో బెల్షస్సరు యెరూషలేము దేవాలయపు పాత్రలలో ద్రాక్షారసము త్రాగుచుండగా మనిషి చేతివ్రేళ్లు కనబడి గోడమీద వ్రాశాయి. ఆ మాటలు తూనికలకు సంబంధించినవి: లెక్కింపబడెను, తూచబడెను, విభాగింపబడెను. తెలుగు వినువానికి “వ్రాత” అనగానే జ్ఞాపకము వచ్చేది తలరాత, నుదుటివ్రాత. రెండును దైవము వ్రాసినవే గదా అని అతడు తలంచవచ్చును. కాని ఈ రెంటికిని ఆకాశమునకు భూమికి ఉన్నంత భేదమున్నది. తలరాత మనిషి ఏమి చేయకముందే వ్రాయబడినదని లోకము నమ్ముతుంది. దానికి అతడు బాధ్యుడు కాడు, దానిని మార్చుకొనలేడు. గోడమీది వ్రాత మనిషి బ్రదుకును తూచిన తరువాత వ్రాయబడినది. దానియేలు రాజుతో, నెబుకద్నెజరు చరిత్ర నీకు తెలిసియుండియు నీవు తగ్గించుకొనలేదని ముఖముమీదనే చెప్పాడు (5:22). తెలిసియుండి అన్న మాటలోనే బాధ్యత ఉన్నది. నీనెవె వారు నలువది దినముల గడువు విని మారుమనస్సు పొందారు, శిక్ష తప్పినది. పంట పోయి అప్పులపాలైన రైతు “నా తలరాత ఇంతే” అని చేతులు ముడుచుకొన్నప్పుడు, త్రాగుడు మానలేనివాడు అదే మాట అన్నప్పుడు, సేవకుడు చెప్పవలసిన సువార్త ఈ భేదములోనే ఉన్నది. ఒకనికి నీ కష్టము నీ నుదుట ముందే వ్రాయబడినది కాదని చెప్పవలెను. మరియొకనికి ఇంకను దినములు ఉన్నాయని చెప్పవలెను.

5. బైబిలులో లేని “బైబిలు మాటలు”

ఆంగ్ల నానుడులు కొన్ని లేఖన వచనములుగా చెలామణి అవుచున్నవి. వీటిలో మూడింటిని ప్రస్తావిస్తాము.

“తనకు తాను సహాయము చేసుకొనువానికి దేవుడు సహాయము చేయును” అను మాట బైబిలులో లేదు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పంచాంగములో 1736లో దీనిని అచ్చువేసిన తరువాత విస్తారముగా వ్యాపించినది. భావము కూడ సువార్తకు ఎదురైనదే. మనము ఇంకను బలహీనులమైయుండగా క్రీస్తు మన కొరకు చనిపోయాడని రోమా 5:6 బోధిస్తుంది.

“డబ్బే సమస్త కీడులకు మూలము” అనునది సగము వచనము. 1 తిమోతి 6:10 ధనాపేక్షను నిందిస్తుంది, ధనమును కాదు. ఈ సగము వచనము విని డబ్బు లేనివాడు తాను నీతిమంతుడనుకొంటాడు. ఆపేక్షకు ధనికుడు, దరిద్రుడు అను భేదము లేదు.

“స్పేర్ ది రాడ్ అండ్ స్పాయిల్ ది చైల్డ్” అను వాక్యము ఈ రూపములో 17వ శతాబ్దపు ఆంగ్ల కవి శామ్యూల్ బట్లర్ “హుడిబ్రాస్” అను హాస్య కావ్యము ద్వారా ప్రసిద్ధమైనది. సామెతలు 13:24లో దానికి దగ్గరి భావమున్నది, నిజమే. అక్కడ బెత్తము అని తెలుగు చేయబడిన హెబ్రీ మాటయే కీర్తన 23:4లో కాపరి దుడ్డుకఱ్ఱగా కనబడి, గొఱ్ఱెకు ఆదరణ ఇస్తుంది. కాపరి చేతిలోని కఱ్ఱ గొఱ్ఱెను చావబాదుటకు కాదు. విద్యాహక్కు చట్టము (2009) 17వ సెక్షను పాఠశాలలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించినది. మన సంఘములు నడుపు పాఠశాలలలో ఈ ఆంగ్ల సామెతను వాక్యముగా చూపి బెత్తము పట్టుకొనుటకు చట్టమూ ఒప్పుకొనదు, లేఖనమూ అంగీకరించదు.

6. తర్జుమా చేయు సేవకులకు కొన్ని సూచనలు

కూటములలో విదేశీ ప్రసంగికులకు తర్జుమా చేయువారు బైబిలుకు సంబంధములేని జాతీయములను కూడ ఎదుర్కొనవలసి వస్తుంది. “రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్” అంటే కుక్కలు, పిల్లులు కురియవు, కుండపోతగా వాన కురుస్తుంది. “కిక్ ది బకెట్” అంటే బొక్కెనను తన్నుట కాదు, చనిపోవుట, అదియును మర్యాద లేని మాట. సమాధి కూటములో వక్త పొరపాటున వాడినను మనము “ప్రభువునందు నిద్రించాడు” అనుటయే యుక్తము. “బై ది స్కిన్ ఆఫ్ మై టీత్” యోబు 19:20 నుండి వచ్చినది. పండ్లకు చర్మముండదు గనుక మాటకు మాట పెడితే అర్థము కాదు. వెంట్రుకవాసిలో తప్పించుకొన్నాడంటే పల్లెవానికి తెలుస్తుంది. “ఫ్లై ఇన్ ది ఆయింట్‌మెంట్” ప్రసంగి 10:1లోని బుక్కావాని తైలములో పడిన ఈగ. కడివెడు పాలలో విషపు చుక్క అను మన నానుడి దీనికి సమీపముగా ఉన్నది. “వుల్ఫ్ ఇన్ షీప్స్ క్లోతింగ్” మత్తయి 7:15 నుండి వచ్చినది. మేకవన్నె పులి దీనికి తోబుట్టువు.

పై చర్చను బట్టి మూడు సూత్రములు చెప్పవచ్చును. ఒకటి, జాతీయము విన్నప్పుడు మొదట దాని మూలము బైబిలా, లోకమా అని అడుగవలెను. లోకమైతే భావము చెప్పి ముందుకు సాగవచ్చును. రెండు, బైబిలైతే నేటి ఆంగ్ల వాడుకను కాక లేఖన సందర్భమును చూడవలెను. మూడు, తెలుగులో దానిని పోలిన నానుడి దొరికినప్పుడు సంతోషించుటకు ముందు, ఆ తెలుగు నానుడి తనతో ఏ నమ్మకమును మోసికొని వచ్చుచున్నదో పరీక్షింపవలెను.

ముగింపు

క్రాన్, దే గ్రాంజెస్, ఆనందరాయర్‌లు విశాఖపట్నములో ఆరంభించిన పని ముద్రణతో ముగిసినది కాదు. పరిపాలన హద్దులు మారుచుండును. చోడవరము 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. అనువాదకుని పని మాత్రము ఏ జిల్లాలోనైనను ఒక్కటే. ప్రతి ఆదివారము బలిపీఠము యొద్ద నిలుచు ప్రతి సేవకుడు ఒక విధముగా అనువాదకుడే. హెబ్రీ రైతు మాటను, గ్రీకు నగరవాసి మాటను, ఆంగ్ల పండితుని మాటను తన యెదుట కూర్చున్న బెల్లము వండు కూలివానికి అందింపవలసినవాడు అతడే.

మన వేదాంత కళాశాలలలో హెబ్రీ, గ్రీకు భాషలకు ఇచ్చు స్థానములో కొంతైనను తెలుగు జాతీయములకు, సామెతలకు ఇవ్వవలెనని మా విన్నపము. విద్యార్థులు తమ గ్రామములలోని పెద్దల నోట వినబడు నానుడులను సేకరించి, వాటిని లేఖనముతో సరిచూచి వ్రాసినచో అది విలువగల పరిశోధన అవుతుంది. మునికోల తెలిసిన తరము ఇంకను మన మధ్య ఉన్నది. ఆ పెద్దలు ఉండగానే ఈ పని జరుగవలెను.